గాబరోన్‌కు కాపురం మారుస్తున్న తిరుపతి వాళ్లకు

మా ఎదురింటి అమ్మాయి వచ్చే నెల భర్త, ఐదేళ్ల కొడుకుతో కలిసి ఆఫ్రికాలోని బోట్స్వానాకు, దాని రాజధాని గాబరోన్‌కు వెళ్తోంది. పోయిన ఆదివారం సాయంత్రం సూట్‌కేసులు తూచే చిన్న కాటా పట్టుకుని మా ఇంటికి వచ్చి, "అక్కా, మనిషికి 23 కిలోలే అంట. చింతపండు ఎంత పెట్టుకోమంటావు?" అని అడిగింది. 2011 జూన్‌లో నేను గాబరోన్ వెళ్లేటప్పుడు నా దిగులు కూడా చింతపండు గురించే. మావారికి అక్కడ అకౌంట్స్‌లో ఉద్యోగం. నాకు ఏడాది తిరక్కముందే ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ పని దొరికింది. పదకొండేళ్లు ఉండి 2022లో తిరిగొచ్చాం. ఇప్పుడు బైరాగిపట్టెడలో ఉంటున్నాం. ఆ అమ్మాయికి చెప్పినవీ, చెప్పడానికి టైం చాలక మిగిలిపోయినవీ ఇక్కడ రాస్తున్నాను. తిరుపతి, చిత్తూరు వైపు నుంచి అటు వెళ్లే వాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకూ పనికొస్తాయి.

ముందుగా ఒక మాట. అక్కడ పదేళ్లుండి కూడా ఆ దేశం మనిషి ఇంట్లో ఒక్కసారైనా భోజనం చేయని మన వాళ్లను చూశాను. ఇల్లు, ఆఫీసు, ఇండియన్ షాపు, ఆదివారం మన వాళ్ల ఇళ్లలో విందులు, అంతే. మొదటి రెండేళ్లు నేనూ అట్లే ఉన్నాను. ఆ పదకొండేళ్లలో నాకు చాలా కష్టంగా గడిచినవి ఆ రెండేళ్లే. మీరు అట్లా ఉండకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

కాగితాలు, సూది

డిగ్రీ సర్టిఫికెట్ల పని రెండు మూడు నెలల ముందే మొదలుపెట్టండి. ముందు రాష్ట్ర ప్రభుత్వం ధ్రువీకరించాలి, ఆ తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర (మన కాగితం వేరే దేశంలో చెల్లడానికి వేసేది) పడాలి. పోలీస్ క్లియరెన్స్‌కు తిరుపతి పాస్‌పోర్ట్ సేవా కేంద్రంలోనే అప్లై చేయొచ్చు. పాస్‌పోర్టు కొత్తగా తీసుకుంటున్నా, రెన్యువల్ చేయిస్తున్నా 36 పేజీలది వద్దు, 60 పేజీలది అడగండి. గాబరోన్ నుంచి దక్షిణాఫ్రికా సరిహద్దు పక్కనే. వెళ్లిన ప్రతిసారీ ఒక దేశం నుంచి బయటికి వచ్చినట్టు ఒక ముద్ర, ఇంకో దేశంలోకి వెళ్లినట్టు ఒక ముద్ర. తిరిగొచ్చేటప్పుడు మళ్లీ రెండు. నా పాస్‌పోర్టులో ఖాళీ పేజీలు నాలుగేళ్లకే అయిపోయాయి.

పిల్లల బర్త్ సర్టిఫికెట్‌లో తల్లీతండ్రీ ఇద్దరి పేర్లూ ఉండాలి, అది ఇంగ్లీషులోనూ ఉండాలి. పిల్లలతో ఒక్కరే సరిహద్దు దాటేటప్పుడు రెండోవారి సమ్మతి పత్రం, వారి పాస్‌పోర్టు కాపీ దగ్గర పెట్టుకోండి. ఒకసారి మావారు ఊళ్లో లేనప్పుడు మా పాపను తీసుకుని జొహన్నెస్‌బర్గ్ బయల్దేరాను. ఆ పత్రం ఇంట్లో బల్ల మీదే మర్చిపోయి, సరిహద్దు దాకా పోయి వెనక్కి వచ్చాను. పాప దారంతా ఏడ్చింది.

అక్కడికి వెళ్లాక పాస్‌పోర్టు కాపీలు పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లి, అసలుతో సరిచూసినట్టు ముద్ర వేయించుకోండి. బ్యాంకులో, స్కూల్లో, ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు ఆ ముద్ర కాపీలే అడుగుతారు. అసలు పాస్‌పోర్టు బీరువాలో పెట్టి, పర్సులో ఈ కాపీ ఉంచుకుంటే సరిపోతుంది.

ఎల్లో ఫీవర్ సూది విషయం చాలామంది చివర్లో గుర్తుచేసుకుంటారు. బోట్స్వానాలో ఆ జబ్బు లేదు. కానీ మన విమానాలు ఎక్కువగా అడిస్ అబాబా, నైరోబీ మీదుగా వెళ్తాయి, ఆ దేశాల్లో అది ఉంది. వెళ్లేటప్పుడు దక్షిణాఫ్రికాలోనూ, తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనూ సూది వేయించుకున్నట్టు ఇచ్చే పసుపు కార్డు అడగొచ్చు. ఈ సూది ఏ ఆసుపత్రిలో పడితే ఆ ఆసుపత్రిలో వేయరు, ప్రభుత్వం గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు. మేము చెన్నై గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు పోయి వేయించుకున్నాం. పుత్తూరు, నగరి మీదుగా తెల్లవారుజామున బస్సెక్కితే సాయంత్రానికి ఇంటికి రావచ్చు. సూది వేయించుకున్న 10 రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. కోడిగుడ్డు పడని వాళ్లు ఆ సంగతి అక్కడి డాక్టరుకు ముందే చెప్పాలి.

జీతం రాకముందే ఇక్కడి సేవింగ్స్ ఖాతాను విదేశాల్లో ఉండే మన వాళ్లకిచ్చే ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా మార్పించుకోండి. దీని గురించి మీ బ్యాంకు మేనేజరు నాకంటే బాగా చెబుతారు.

సూట్‌కేసు

చింతపండు రెండు కిలోలు చాలు. గాబరోన్‌లో ఇండియన్ షాపులు ఉన్నాయి. కందిపప్పు, ఉద్దిపప్పు, ఇడ్లీ రవ్వ, సోనా మసూరి అన్నీ దొరుకుతాయి, ధర మాత్రం ఎక్కువ. దొరకనివాటికే బరువు వాడుకోండి. మీ ఇంట్లో వాడే కుక్కరుకు రెండు గాస్కెట్లు, ఒక విజిల్, ఒక పప్పుగుత్తి, మీ అమ్మ చేత్తో కొట్టిన సంగటి పిండి, ఎండుమిర్చి కారం. విత్తనాలు, పచ్చి ఆకులు, నెయ్యి, పాలకోవా, మాంసం ఊరగాయ మాత్రం పెట్టుకోవద్దు. పశువుల జబ్బుల విషయంలో ఆ దేశం చాలా గట్టిగా ఉంటుంది. అక్కడి పల్లెల్లో పశువే ఆస్తి, గొడ్డుమాంసం వేరే దేశాలకు ఎగుమతి చేస్తారు.

మిక్సీ, టేబుల్ టాప్ గ్రైండర్ నిస్సందేహంగా తీసుకెళ్లండి. అక్కడా 230 వోల్టులే, 50 హెర్ట్జే. ప్లగ్ మాత్రం చూసుకోవాలి. మన ఇళ్లలో గీజరుకు, ఏసీకి వాడే లావుపాటి మూడు గుండు పిన్నుల ప్లగ్ అక్కడ సాకెట్‌లో సరిగ్గా కూర్చుంటుంది. మిక్సీకి ఉండే సన్నపిన్నుల ప్లగ్ కూర్చోదు. తిలక్ రోడ్డులో ఎలక్ట్రికల్ షాపుకు పోయి, మిక్సీకీ గ్రైండరుకూ లావు ప్లగ్‌లు బిగించుకుని వెళ్లండి. కొన్ని ఇళ్లలో ఇంగ్లండు తరహా చదరపు పిన్నుల సాకెట్లు కూడా ఉంటాయి, దానికి ఒక అడాప్టర్ అక్కడే కొనుక్కోవచ్చు.

స్వెట్టర్లు, మందపాటి దుప్పట్లు, సాక్సులు. దీన్ని నేను ఎంత గట్టిగా చెప్పినా తిరుపతి ఎండలో కూర్చుని వినేవాళ్లు నమ్మరు. గాబరోన్ సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉంది, పక్కనే కలహారి ఎడారి. మనకు రోహిణి ఎండలు తగ్గే జూన్‌లో అక్కడ చలికాలం మొదలవుతుంది. తెల్లవారుజామున చలి సున్నా డిగ్రీల దాకా దిగుతుంది. ఇళ్లలో హీటర్లు ఉండవు, టైల్స్ నేల కాళ్లకు మంచులా తగులుతుంది. నేను జూన్‌లోనే నూలు చీరలతో దిగాను. మొదటి రాత్రి పాపను మా ఇద్దరి మధ్యా పడుకోబెట్టి, మూడు చీరలు మడతపెట్టి కప్పాను.

పలకరింపు

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. విమానంలో కూర్చుని నేర్చుకున్నా చాలు. బోట్స్వానా మనుషులను బాట్స్వానా అంటారు, ఒక్కరైతే మోట్స్వానా, వాళ్ల భాష సెట్స్వానా. ఎవరినైనా కలిస్తే ముందు పలకరించాలి, పని తర్వాత. ఆడవాళ్లయితే "దుమెలా మ్మా", మగవాళ్లయితే "దుమెలా ర్రా". ఆ 'మ్మా' మన 'అమ్మా'కు ఎంత దగ్గరో చూడండి. తిరుపతిలో పూలమ్మే ఆవిడను కూడా "అమ్మా" అని పిలిచే మనకు అది నోటికి ఇట్టే వస్తుంది. తర్వాత "లె కయె?" అంటారు, ఎలా ఉన్నారని. "రె తెంగ్" అనాలి, బాగున్నామని. ఆ తర్వాతే బియ్యం ధర అడిగినా, దారి అడిగినా.

మొదట్లో నాకు ఇది తెలియక ఒక ఆఫీసులో కిటికీ దగ్గరికి పోయి నేరుగా "ఈ ఫారం ఎక్కడ ఇవ్వాలి?" అని ఇంగ్లీషులో అడిగాను. లోపలున్నావిడ నా వైపు చూసి, పని ఆపి, నిదానంగా "దుమెలా మ్మా" అంది. నేను మళ్లీ ఫారం గురించే అడిగాను. ఆవిడ మళ్లీ "దుమెలా మ్మా" అంది. మూడోసారికి నాకు అర్థమైంది. పలకరించాను. ఆవిడ ముఖం విప్పారింది, లేచి వచ్చి ఫారం తనే నింపిపెట్టింది. అక్కడ పనులు ఆలస్యమవుతాయని మన వాళ్లు విసుక్కుంటూ ఉంటారు. పలకరించకుండా పని అడిగితే ఎక్కడైనా ఆలస్యమే అవుతుంది.

డబ్బులు ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు కుడిచేయి చాపి, ఎడమచేత్తో కుడి మోచేతిని తాకుతారు. ఇది మర్యాద. పిల్లలకు కూడా నేర్పించండి. "కె ఆ లెబొఖా" అంటే కృతజ్ఞతలు. పెద్దావిడను పేరు పెట్టి పిలవరు. పెద్ద బిడ్డ పేరుకు ముందు 'మ్మా' చేర్చి, ఫలానా వాళ్లమ్మ అని పిలుస్తారు. మా నాయనమ్మను కూడా ఊళ్లో అందరూ అట్లే పిలిచేవాళ్లు.

డబ్బు పేరు 'పులా'. పులా అంటే వాన. సభల్లో ప్రసంగం చివర అందరూ "పులా!" అని గట్టిగా అంటారు, శుభం కలగాలని. వాన కోసం ఆకాశం చూసి పెరిగిన రాయలసీమ వాళ్లకు ఆ మాట విడమరిచి చెప్పక్కర్లేదు. నా మొదటి జీతం నోట్ల మీద ఆ మాట చూసి మా తాత గుర్తొచ్చాడు.

పెళ్లికి గానీ, చావుకు గానీ పిలిస్తే తప్పకుండా వెళ్లండి. ఆడవాళ్లు మోకాళ్లు దాటిన బట్ట కట్టుకుని, భుజాల మీద శాలువా కప్పుకుని, తలకు గుడ్డ చుట్టుకుంటారు. మన చీర అక్కడ బాగా మర్యాదగా ఉంటుంది, కొంగు తల మీదికి లాక్కుంటే చాలు. పెళ్లిలో 'బొఖాది' అని, అబ్బాయి వాళ్లే అమ్మాయి ఇంటికి ఆవులు ఇస్తారు. మా స్కూల్లో టీచరొకావిడ "మీ దేశంలో ఎవరు ఇస్తారు?" అని అడిగింది. చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత నా చేయి పట్టుకుంది. దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

ఇల్లు

అద్దెకు తీసుకునేటప్పుడు మూడు చూసుకోండి. కిటికీలకు ఇనుప చువ్వలు ఉన్నాయా, కరెంటు ప్రీపెయిడ్ మీటరా, నీళ్ల ట్యాంకు ఉందా. కరెంటుకు ముందే డబ్బు కడితే 20 అంకెల నంబరు ఇస్తారు, దాన్ని మీటరులో నొక్కాలి. రాత్రి పదింటికి యూనిట్లు అయిపోతే చీకట్లో కూర్చోవాల్సిందే, అందుకని ఒక రీచార్జి ముందే కొని కాగితం మీద రాసిపెట్టుకోండి. గీజరుకు టైమరు పెట్టించుకుంటే కరెంటు కొంత మిగులుతుంది. దక్షిణాఫ్రికా వైపు ఉద్యోగమైతే కరెంటు కోతలు ఉండొచ్చనుకునే ఇల్లు సర్దుకోండి. 2022, 2023లో అక్కడ రోజుకు కొన్ని గంటలు వంతులవారీగా తీసేవాళ్లు.

నీళ్ల ట్యాంకును అక్కడ అందరూ జోజో అంటారు, అది కంపెనీ పేరు. ఇల్లు నచ్చి, జోజో లేకపోతే ఓనరును అడిగి పెట్టించుకోండి. 2015లో గాబరోన్ డ్యాము దాదాపు ఎండిపోయింది. కొళాయిలో వారానికి రెండు మూడు రోజులే నీళ్లు. ఉత్తరాన ఉన్న డ్యాముల నుంచి పైపులైన్ ద్వారా వచ్చే నీళ్లే ఊరికి ఆధారం. పక్కింటివాళ్లు కంగారుపడుతుంటే మా అత్తగారు, అప్పుడు మా దగ్గరికి వచ్చి ఉన్నారు, ఏ మాత్రం కంగారు పడకుండా బకెట్లు వరుసగా పెట్టి, బియ్యం కడిగిన నీళ్లు చెట్లకు, గిన్నెలు కడిగిన నీళ్లు బాత్రూముకు అని ఏర్పాటు చేసేశారు. మా వీధిలో ఇద్దరు ముగ్గురు అమ్మలు వచ్చి ఆవిడ పద్ధతి చూసిపోయారు.

ఉతికిన బట్టలు బయట ఆరేస్తే తీసుకొచ్చి అన్నిటికీ ఇస్త్రీ చేయండి, లోపలి బట్టలతో సహా. జాంబియా, మొజాంబిక్ వంటి వేడి ప్రాంతాల్లో తడి బట్టల మీద గుడ్లు పెట్టే ఒక ఈగ ఉంటుంది, ఆ బట్ట వేసుకుంటే పురుగు చర్మంలోకి దిగి గడ్డలా లేస్తుంది. ఇస్త్రీ వేడికి గుడ్లు చచ్చిపోతాయి. గాబరోన్‌లో ఆ బాధ లేకపోయినా అలవాటు చేసుకోవడం మంచిది. ఉద్యోగం మీద ఎక్కడికి పంపిస్తారో చెప్పలేం కదా.

వంట

మన చిత్తూరు వంట తెలిసిన వాళ్లకు ఆ దేశంలో ఆకలి సమస్య లేదు. అక్కడ రోజువారీ తిండి సంగటే. తెల్ల మొక్కజొన్న పిండితో చేస్తే పాప్, జొన్నపిండితో చేస్తే బొఖొబె. జొన్నను మాబెలె అంటారు. పులియబెట్టి చేసేదాన్ని 'తింగ్' అంటారు, మన పులిసిన అంబలి రుచే. మెత్తటి జొన్నపిండి తెచ్చుకుని, గుప్పెడు బియ్యం ఉడికించి అందులో కలిపి ముద్ద కట్టండి. రాగి రంగు రాదు గానీ, చెనిక్కాయల ఊరిబిండితో తింటే పిల్లలకు తేడా తెలియదు. చెనిక్కాయలు అక్కడ బాగా దొరుకుతాయి. పులిసిన పాలను మదిలా అంటారు, గట్టి పెరుగులా ఉంటుంది, మజ్జిగ పులుసుకు అది పెరుగు కంటే బాగుంటుంది.

మా ఇంట్లో వారానికి రెండు రోజులు పని చేయడానికి వచ్చే అమ్మ ఒకరోజు పెరట్లో కలుపు పీకుతున్న నన్ను ఆపింది. "ఇది తెపె, పారేస్తావెందుకు?" అంది. చూస్తే మన తోటకూర జాతి. వాన పడిన పదిహేను రోజులకు గేటు పక్కంతా అదే. ఆకుకూరలన్నిటినీ కలిపి మొరొఖొ అంటారు. అలసంద ఆకును కూడా ఎండబెట్టి దాచుకుని వండుకుంటారు. ఆ రోజు ఆమె టమాటా, ఉల్లిపాయ వేసి తన పద్ధతిలో వండింది. నేను అదే ఆకును పచ్చిమిర్చి, చింతపండుతో ఉడికించి పప్పుగుత్తితో ఎనిపి పుల్లగూర చేశాను. ఇద్దరం వంటింటి మెట్ల మీద కూర్చుని రెండూ తిన్నాం. అంతవరకు నేను ఆమెతో కూర్చుని తినలేదు. రెండేళ్లు. ఇది రాయడానికి నాకు బాధగానే ఉంది, అయినా రాయాలి. పనమ్మకు జీతం ఎంతో, సెలవులేవో మొదటి రోజే కాగితం మీద రాసుకోండి, ఒక కాపీ ఆమెకు ఇవ్వండి. పలకరించండి, పక్కన కూర్చోండి. నాకు ఆ దేశం గురించి తెలిసినవాటిలో సగం ఆ మెట్ల మీద తెలిసినవే.

జూన్, జూలై చలికి ఇడ్లీ పిండి పొంగదు. ఓవెన్‌లో లైటు మాత్రం వేసి, లోపల గిన్నె పెట్టి రాత్రంతా ఉంచండి. ఉగాదికి ఇంకో చిక్కు ఉంది. అక్కడ మామిడి కాలం డిసెంబరు, జనవరి. మామిడి తోటల జిల్లాలో పుట్టి, ఉగాది నాడు పచ్చడిలోకి మామిడికాయ ముక్క లేక కళ్లనీళ్లు పెట్టుకున్నాను. రెండో ఏడాది నుంచి డిసెంబరులోనే పుల్లటి కాయ కొని, ముక్కలు తరిగి ఫ్రీజర్‌లో పెట్టేదాన్ని. గాబరోన్‌లో బాలాజీ గుడి ఉంది, పండగలకు అందరూ అక్కడే కలుస్తారు. మనకూ వాళ్లకూ మూడున్నర గంటల తేడా. తిరుమలలో తెల్లవారి 3 గంటలకు సుప్రభాత సేవ జరిగేటప్పుడు అక్కడ రాత్రి 11:30. ఇంట్లో అందరూ పడుకున్నాక ఆ టైంకు ఒకసారి దండం పెట్టుకుని దీపం ఆర్పేదాన్ని.

రోడ్డు

మనలాగే ఎడమ పక్కనే నడుపుతారు. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడి ఆర్టీఓ ఆఫీసులో తీసుకుని వెళ్లండి, ఏడాది చెల్లుతుంది. సిగ్నల్ లైటును అక్కడ 'రోబో' అంటారు, రోబో దగ్గర ఎడమకు తిరుగు అంటే కంగారు పడొద్దు. నాలుగు వైపులా స్టాప్ బోర్డులుండే కూడళ్లు ఉంటాయి. ఎవరు ముందు వచ్చి ఆగితే వాళ్లే ముందు కదలాలి, పోలీసు లేకపోయినా అందరూ పాటిస్తారు. హారన్ కొడితే తిట్టినట్టే. చిన్న వ్యాన్లను కోంబీ అంటారు, నీలం నంబరు ప్లేటు ఉంటే అద్దె బండి అని గుర్తు.

చీకటి పడ్డాక ఊరి బయట బండి నడపొద్దు. ఎంత పనున్నా సరే. ఆవులు, గాడిదలు రోడ్డు మీదే పడుకుంటాయి, పగలంతా వేడెక్కిన తారు రాత్రి వెచ్చగా ఉంటుందని. గంటకు 120 కిలోమీటర్ల వేగంలో నల్లటి గాడిద లైట్లలో కనబడేసరికే దగ్గరికి వచ్చేస్తుంది. మా తోటి తెలుగు కుటుంబం ఒకటి అట్లా పెద్ద ప్రమాదం నుంచి బయటపడింది. అందుకే మేము ఏ ప్రయాణమైనా తెల్లవారగానే మొదలుపెట్టి సాయంత్రం నాలుగుకల్లా ఆగిపోయేవాళ్లం.

పిల్లలతో ఒక్క పెద్ద ప్రయాణమే చేయగలిగితే ఉత్తరాన కసానెకు వెళ్లండి. గాబరోన్ నుంచి 900 కిలోమీటర్ల పైనే, ఒక్కరోజులో వద్దు, ఫ్రాన్సిస్‌టౌన్‌లో గానీ నాటాలో గానీ రాత్రి ఆగండి. దారిలో దిబెతె దగ్గర పశువుల జబ్బులకు పెట్టిన కంచె గేటు ఉంటుంది. పచ్చి మాంసం, పాలు ఉన్నాయేమో చూస్తారు, మందు నీళ్లలో తడిపిన గోనె మీద చెప్పులు తొక్కమంటారు. మహలాప్యె చేరే ముందు మకర రేఖ బోర్డు వస్తుంది. మా పాపను అక్కడ నిలబెట్టి, సంక్రాంతి పేరులో ఉన్న మకరం ఇదేనని చెప్పాను. డిసెంబరు 22 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం అక్కడ నిలబడితే నీడ కాళ్ల కిందే ఉంటుంది. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా ఆ పది నిమిషాలంత అర్థం కాదు.

నాటా దాటాక పెట్రోల్ బంకులు తక్కువ, ట్యాంకు నింపుకునే కదలండి. అక్కడి నుంచి రోడ్డు మీదికి ఏనుగులు వస్తాయి. బోట్స్వానాలో ఏనుగులు 1,30,000 దాకా ఉన్నాయి. పలమనేరు, కుప్పం వైపు ఏనుగులు చేలల్లో పడితే ఎలా ఉంటుందో తెలిసిన వాళ్లకు నేను చెప్పక్కర్లేదు. దూరంగానే ఆగండి, హారన్ కొట్టొద్దు, వెనక్కి పోవడానికి చోటు ఉంచుకోండి, తల్లికీ పిల్లకూ మధ్యలోకి బండి పోనివ్వొద్దు. అవి దాటేదాకా కూర్చోవడమే. మేము ఒకసారి నలభై నిమిషాలు కూర్చున్నాం. పాప లెక్కపెట్టి 31 అంది.

కసానె పక్కన కజుంగులా దగ్గర జాంబెజీ నది దాటితే జాంబియా. 2014లో మేము పంటు మీద దాటాం, లారీలు రోజుల తరబడి వరుసలో నిలబడి ఉండేవి. 2021 మే 10న వంతెన తెరిచారు, 923 మీటర్ల పొడవు. జింబాబ్వే నేల తగలకుండా వంపు తిప్పి కట్టారు. తిరిగొచ్చే ముందు 2022లో దాని మీదుగా వెళ్లాం. అదే జాంబెజీ నది మీద ఉన్న విక్టోరియా జలపాతం వెడల్పు 1,708 మీటర్లు, ఎత్తు 108 మీటర్లు. అక్కడివాళ్లు దాన్ని మోసి ఓఅ తున్యా అంటారు, ఉరిమే పొగ అని. ఏప్రిల్‌లో నీళ్లు నిండుగా ఉంటాయి గానీ, తుంపర గోడలా లేచి కొన్ని చోట్ల జలపాతమే కనబడదు. రెయిన్‌కోటు, ఫోనుకు ప్లాస్టిక్ కవరు తప్పనిసరి. రాయీ, లోయా చూడాలంటే సెప్టెంబరు, అక్టోబరు మేలు. ఆ దేశాల వీసా నియమాలు బయల్దేరే నెలలోనే చూసుకోండి, తరచుగా మారుతుంటాయి. నదిలో, చెరువులో స్నానానికి దిగొద్దు. మొసళ్లు ఉంటాయి, నిలవ నీళ్ల నుంచి బిల్హార్జియా అనే జబ్బు వస్తుంది.

ఇంకో ప్రయాణం డర్బన్. జొహన్నెస్‌బర్గ్ మీదుగా రెండు రోజులు పెట్టుకోండి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ అక్కడ చేరింది, చెరకు తోటల్లో కూలీ ఒప్పందం మీద వెళ్లిన మన వాళ్లతో. ఆ ఒప్పందాలు 1911లో ఆగేదాకా లక్షా యాభై వేల మందికి పైగా వెళ్లారు. అప్పటి ఉత్తర ఆర్కాటు నుంచి వెళ్లినవాళ్లు చాలామంది. ఆ ఉత్తర ఆర్కాటులో భాగాలు కలిపే అదే 1911లో మన చిత్తూరు జిల్లా ఏర్పాటు చేశారు. డర్బన్‌లో నాయుడు, రెడ్డి ఇంటిపేర్లు బోర్డుల మీద కనబడతాయి. 1931లో పెట్టుకున్న ఆంధ్ర మహాసభ ఉంది. బజారులో మసాలాలు కొంటుంటే ఒక ముసలావిడ నా మాట విని దగ్గరికి వచ్చింది. తెలుగు రాదు, ఇంగ్లీషులోనే మాట్లాడింది. వాళ్ల అవ్వ పాడే పాటలో ఒక్క లైను మాత్రం గుర్తుందని పాడి వినిపించింది, అర్థం ఏమిటని అడిగింది. 'రాముడు' అన్న మాట తప్ప నాకేమీ తెలియలేదు. అక్కడివాళ్లకు తెలుగు రాదని చులకనగా మాట్లాడే మన వాళ్లను చూశాను. దయచేసి అట్లా చేయొద్దు.

ఇంటికి వచ్చినప్పుడు జ్వరం వస్తే

గాబరోన్‌లో మలేరియా భయం లేదు. ఉత్తరాన కసానె, ఒకవాంగో వైపు మాత్రం ఉంది, వానాకాలంలో ఎక్కువ. వెళ్లే ముందు డాక్టరును అడిగి మాత్రలు వాడండి. ప్రయాణానికి ముందు, అక్కడున్నన్ని రోజులు, తిరిగొచ్చాక కూడా, ఎన్ని రోజులు చెప్తే అన్ని రోజులు. 2016 ఏప్రిల్‌లో మావారు కసానె నుంచి వచ్చాక రెండో రోజుకే మాత్రలు ఆపేశారు. మేలో సెలవులకు తిరుపతి వచ్చాం. ఇంట్లో చుట్టాలు, తిరుమల ప్రయాణం, పెళ్లి పిలుపులు. జ్వరం వస్తే ఎండకనుకున్నాం. చూపించిన చోట వైరల్ అని మాత్రలిచ్చారు. ఆఫ్రికా నుంచి వచ్చామని మేము చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. మూడో రోజు రాత్రి ఆయన మాట తడబడింది. వేరే ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడి డ్యూటీ డాక్టరమ్మ మొదట అడిగిన మాటే, "ఈ మధ్య ఎక్కడికైనా వెళ్లొచ్చారా?" అని. రక్తపరీక్షలో ఫాల్సిపారం అనే, ప్రాణం మీదికి తెచ్చే రకం మలేరియా తేలింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు.

తిరిగొచ్చిన వారం నుంచి కొన్ని నెలల దాకా ఎప్పుడు జ్వరం వచ్చినా, డాక్టరు ముందు కూర్చోగానే "నేను ఆఫ్రికాలో ఉంటాను, ఫలానా తేదీన ఫలానా ఊరు వెళ్లాను, మలేరియా పరీక్ష చేయండి" అని మీరే చెప్పండి. ఒకసారి లేదని వచ్చి జ్వరం తగ్గకపోతే మళ్లీ చేయించండి. ఎదురింటి అమ్మాయికి ఇదే వాక్యం తెలుగులో, ఇంగ్లీషులో ఒక చిన్న అట్ట మీద రాసిచ్చాను. ఆమె దాన్ని నా ఎదురుగానే మడిచి, పసుపు కార్డుతో పాటు పాస్‌పోర్టు కవరులో పెట్టుకుంది.